పార్టీ గుర్తును బట్టి మనసును కొలవగలమా?

సుంగై సిపుట్ ఓటర్లు అర్ధ శతాబ్దంగా చెబుతున్నదేమిటి?

ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు మలేసియాలో మనవాళ్లు నలుగురు కలిసిన చోట తప్పకుండా వినిపించే మాట ఒకటుంది. "ఆ పార్టీకి ఓటేసిన వాళ్లంతా జాతి పిచ్చి ఉన్నవాళ్లే" అని. అవతలి పార్టీ వాళ్లూ మన గురించి అచ్చంగా ఇదే మాట అంటుంటారు. అమెరికాలో ఉన్న తెలుగువారు కూడా రిపబ్లికన్ల గురించో డెమొక్రాట్ల గురించో ఇలాగే మాట్లాడుకుంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ నిజంగా ఓటరు వేసే ముద్రకూ, అతని మనసులోని జాతి వివక్షకూ అంత దగ్గరి చుట్టరికం ఉందా? ఉంటే ఎంతవరకు?

ఈ ప్రశ్నను పరీక్షించి చూడడానికి మలేసియాలో సుంగై సిపుట్ కన్నా మంచి చోటు దొరకదేమో. పెరాక్ రాష్ట్రంలో ఈపో నగరానికి ఉత్తరంగా ఉన్న ఈ చిన్న పట్టణం పేరుకు మలయ్ భాషలో 'నత్తల ఏరు' అని అర్థం. చరిత్రలో దీని పేరు పెద్దదే. 1948 జూన్ 16న ఇక్కడి రబ్బరు తోటల్లో ముగ్గురు యూరోపియన్ తోట అధికారులు హత్యకు గురయ్యారు. ఆ తర్వాతే బ్రిటిష్ ప్రభుత్వం ఎమర్జెన్సీ విధించింది. అది పన్నెండేళ్లు సాగింది. మనకు ఇప్పుడు కావలసింది మాత్రం ఆ కథ కాదు, ఇక్కడి పార్లమెంటు స్థానం కథ.

ఐదో వంతు ఓటర్లు, అందరూ భారతీయ ఎంపీలే

1959 నుంచి ఈ స్థానంలో గెలిచిన వారందరూ భారత సంతతి వారే. మొదట వి.టి.సంబంధన్. ఎంఐసీ, అంటే మలేసియన్ ఇండియన్ కాంగ్రెస్ అధ్యక్షుడు, ఈ ఊరివాడే. తోటలను ముక్కలు చేసి అమ్మేస్తున్న రోజుల్లో కూలీల చందాలతో తోటలు కొనడానికి 1960లో సహకార సంఘం పెట్టిన మనిషి. ఆయన తర్వాత 1974 నుంచి 2008 దాకా ఎస్.సామివేలు. ఆ తర్వాత రెండు విడతలు డాక్టర్ మైఖేల్ జయకుమార్ దేవరాజ్. 2018లోనూ 2022లోనూ ఎస్.కేశవన్.

ఇందులో విశేషమేముంది, భారతీయులు ఎక్కువగా ఉన్న చోటు కాబోలు అనుకుంటే పొరపాటే. 2008 నాటికి ఇక్కడ భారతీయ ఓటర్లు ఐదో వంతుకు కాస్త పైన మాత్రమే. చైనీయులు అందరికన్నా ఎక్కువ, ఆ తర్వాత మలయ్‌లు. కొండల్లో ఉండే ఒరాంగ్ అస్లీ ఆదివాసుల ఓట్లు కొన్ని వేలున్నాయి. అంటే ప్రతి ఎన్నికలోనూ ఈ స్థానంలో ఎంపీని తేల్చింది భారతీయేతరుల ఓట్లే.

అసలు సంగతి ఇంకొకటుంది. ఇక్కడ అధికార కూటమీ, దానికి గట్టి పోటీ ఇచ్చే ప్రతిపక్షమూ రెండూ భారతీయుణ్ణే నిలబెడుతున్నాయి. 2008లో సామివేలు మీద జయకుమార్. 2013లో ఎస్.కె.దేవమణి మీద జయకుమార్. 2018లో దేవమణి మీద కేశవన్. 2022లో ఎంఐసీ అధ్యక్షుడు ఎస్.ఎ.విఘ్నేశ్వరన్ మీద కేశవన్. మలయ్ పార్టీల కూటమిగా పేరుపడ్డ పెరికతన్ నేషనల్ కూడా 2022లో ఇక్కడ భారతీయ అభ్యర్థినే దింపింది. ముఖ్య పోటీదారులిద్దరిదీ ఒకే జాతి అయినప్పుడు ఓటరు ఇక జాతిని చూసి ఎంచుకునేందుకు ఏమీ మిగలదు. పార్టీనో, మనిషినో, పనినో చూడాలి. వేరే చోట్ల కలగాపులగంగా ఉండే రెండు విషయాలు, జాతీ పార్టీ, ఇక్కడ విడివిడిగా కనిపిస్తాయి.

అంకెలు ఏమంటున్నాయి?

2008 మార్చి 8న సామివేలు ఓడిపోయారు. అప్పటికి ఆయన 29 ఏళ్లుగా ఎంఐసీ అధ్యక్షుడు, పనుల శాఖ మంత్రి, దేశంలోని భారతీయులందరికీ తానే గొంతునని చెప్పుకున్న నాయకుడు. జయకుమార్‌కు 16,458 ఓట్లు, సామివేలుకు 14,637. తేడా 1,821. అంతకు మూడు నెలల ముందు, 2007 నవంబర్ 25న, కౌలాలంపూర్ వీధుల్లో హిండ్రాఫ్ పిలుపు మీద వేలాది భారతీయులు బాష్పవాయువుకూ నీటి ఫిరంగులకూ ఎదురు నిలిచారు. డిసెంబర్‌లో ఐదుగురు నాయకులను విచారణ లేకుండా నిర్బంధించే ఐఎస్ఏ చట్టం కింద లోపల వేశారు. ఆ కోపం బ్యాలెట్ పెట్టెలో పడింది. అయితే సుంగై సిపుట్‌లో భారతీయుల కోపం ఒక్కటే సామివేలును దించలేదు. పెట్రోలు ధరల మీద, అవినీతి మీద విసిగిన చైనీయులూ కొందరు మలయ్‌లూ చెయ్యి వేస్తేనే అది సాధ్యమైంది. ఒక భారతీయుణ్ణి దించి ఇంకో భారతీయుణ్ణి ఎక్కించిన ఓటును జాతి ద్వేషం కింద లెక్క కట్టలేం.

2013లో జయకుమార్‌కు 21,593 ఓట్లు వచ్చాయి, దేవమణి మీద మెజారిటీ 2,793కు పెరిగింది. ఇక 2018 చూడండి. జయకుమార్ మలేసియా సోషలిస్టు పార్టీ మనిషి. అంతకుముందు రెండుసార్లూ పీకేఆర్ గుర్తు మీద నిలబడి గెలిచారు. 2018లో తమ పార్టీ సొంత గుర్తు మీద నిలబడ్డారు. వచ్చిన ఓట్లు 1,505. డిపాజిట్టు కూడా దక్కలేదు. అదే మనిషి, అదే డాక్టరు, అదే జాతి. తోట కూలీల ఇళ్ల కోసం, ఒరాంగ్ అస్లీల భూముల కోసం తిరిగిన కాళ్లు అవే. 2011లో ఎమర్జెన్సీ ఆర్డినెన్సు కింద నిర్బంధంలో ఉండి వచ్చిన ఎంపీ ఆయనే. మారింది గుర్తు ఒక్కటే. పీకేఆర్ గుర్తు మీద కొత్తగా వచ్చిన కేశవన్‌కు 20,817 ఓట్లు పడ్డాయి.

అదే ఏడు పాస్ పార్టీ ఇక్కడ మలయ్ అభ్యర్థిని నిలబెట్టింది. మలయ్‌లంతా కేవలం జాతిని చూసి ఓటేసే వాళ్లయితే ఆయన పోటీలో ముందుండాలి. మూడో స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. రెండో స్థానంలో నిలిచిన దేవమణికి వచ్చిన 15,210 ఓట్లలో అమ్నో పార్టీని నమ్ముకున్న మలయ్‌ల వాటా తక్కువేమీ కాదని ఊహించడం కష్టం కాదు. అమ్నో జెండా పక్కన ఉంటే వాళ్లు ఎంఐసీ అభ్యర్థికి ఓటేశారు, దశాబ్దాలుగా వేస్తూనే ఉన్నారు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1955లో, స్వాతంత్ర్యానికి రెండేళ్ల ముందు, మలయాలో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో ఓటర్లలో నూటికి 84 మంది మలయ్‌లే. అయినా అమ్నో, ఎంసీఏ, ఎంఐసీ కలిసిన అలయన్స్ కూటమి 15 స్థానాల్లో చైనీయులను, 2 స్థానాల్లో భారతీయులను నిలబెట్టింది. ఆ 17 మందీ గెలిచారు. మొత్తం 52లో కూటమి పోగొట్టుకున్నది ఒక్కటే, అది పెరాక్‌లోని క్రియాన్. కూటమి పెద్దలు వెయ్యమంటే మలయ్ రైతు చైనా వర్తకుడికి ఓటేశాడు.

అయితే వివక్ష లేనట్టేనా?

ఇక్కడే తొందరపడకూడదు. పై అంకెలు చూసి "అబ్బే, మలేసియా ఓటర్లకు జాతి పట్టింపు లేదు" అని తీర్మానం చేస్తే అది ఇంకో తప్పు. ఈ తప్పు ఎలాంటిదో మన ఆంధ్ర, తెలంగాణ పల్లెలు చూసినవారికి విడమరిచి చెప్పక్కర్లేదు.

మన దగ్గర ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గాలున్నాయి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 175 స్థానాల్లో 29, తెలంగాణ 119లో 19. అక్కడ అన్ని పార్టీల అభ్యర్థులూ దళితులే. ఓటర్లలో ఎక్కువమంది దళితేతరులు. ఊళ్లో పెద్ద కులాల వాళ్లు తమ పార్టీ గుర్తు చూసుకుని దళిత అభ్యర్థికి ఓటేస్తారు, ప్రచారం చేస్తారు, జీపులు పంపిస్తారు. ఆ ఓటును బట్టి ఆ ఊళ్లో కుల వివక్ష పోయిందని ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా? రెండు గ్లాసుల హోటళ్లు ఆ నియోజకవర్గాల్లోనూ నడిచాయి. కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగాయి. అప్పటికి మూడు నాలుగు దశాబ్దాలుగా దళిత ఎమ్మెల్యేలు అసెంబ్లీలో కూర్చుంటూనే ఉన్నారు. ఓటు పార్టీది, గడప కులానిది. రెండూ ఒకే మనిషిలో ఇబ్బంది లేకుండా ఇమిడిపోతాయి.

సుంగై సిపుట్‌ది కూడా అలాంటి ఏర్పాటే. చట్టంలో రిజర్వేషన్ లేదు కానీ కూటముల పంపకంలో ఇది 'ఇండియన్ సీటు'. అదే నియోజకవర్గంలో జాలోంగ్, లింతాంగ్ అని రెండు రాష్ట్ర శాసనసభ స్థానాలున్నాయి. 2018లో జాలోంగ్‌లో డీఏపీ తరఫున చైనీయుడు, లింతాంగ్‌లో అమ్నో తరఫున మలయ్ గెలిచారు. ఇది ఎవరి సీటు, అది ఎవరి సీటు అన్నది ఓటరు తేల్చలేదు. కౌలాలంపూర్‌లో పార్టీ పెద్దలు బల్ల చుట్టూ కూర్చుని తేల్చారు. ఇండియన్ సీటులో భారతీయుడికి ఓటేసిన మనిషి, భారతీయుడు ప్రధాన మంత్రి అవుతానంటే ఓటేస్తాడా అన్న ప్రశ్నకు ఆ బ్యాలెట్‌లో జవాబు లేదు.

అమెరికా అనుభవం కూడా ఇలాంటిదే. లూసియానాలో 1991 గవర్నర్ ఎన్నికలో కూ క్లక్స్ క్లాన్ మాజీ నాయకుడు డేవిడ్ డ్యూక్‌కు తెల్ల ఓటర్లలో సగానికి పైగా ఓటేశారు. రిపబ్లికన్ గుర్తు మీదే పోటీ చేశాడాయన. నల్లవారి ఓట్లే ఆయన్ను అడ్డుకున్నాయి. పదహారేళ్ల తర్వాత, 2007లో, అదే రాష్ట్రం అదే పార్టీ అభ్యర్థిగా పంజాబీ తల్లిదండ్రుల బిడ్డ బాబీ జిందాల్‌ను మొదటి రౌండులోనే గవర్నర్‌గా ఎన్నుకుంది. ఓటర్ల మనసు పదహారేళ్లలో కడిగిన ముత్యమైందా? కొంత మారి ఉండవచ్చు. కొత్త ఓటర్లు వచ్చి ఉండవచ్చు. కానీ పార్టీ నిలబెట్టినవాడు 'మనవాడు' అవుతాడన్నదే ఎక్కువ పని చేసిందని మా అభిప్రాయం.

ఇంకో సంగతి. జాతి వివక్ష అన్నది ఏదో ఒక పార్టీకి పుట్టుమచ్చ లాంటిది కాదు, చోటు మారుతుంటుంది. 1964 పౌర హక్కుల చట్టానికి ఓటేసిన నిష్పత్తి చూస్తే అమెరికా కాంగ్రెస్‌లో డెమొక్రాట్ల కన్నా రిపబ్లికన్లదే ఎక్కువ. దక్షిణాదిలో నల్లవారికి ఓటు దక్కకుండా తరాల పాటు అడ్డుపడ్డది డెమొక్రాట్లు. ఆ చట్టం వచ్చిన ఏడాదే సెనేటర్ స్ట్రాం థర్మండ్ డెమొక్రాట్లను వదిలి రిపబ్లికన్లలో చేరారు. వెనకాలే దక్షిణాది తెల్ల ఓటర్లు మెల్లమెల్లగా నడిచారు. మనుషులు వాళ్లే, జెండా మారింది. అందుకే "ఆ పార్టీ అంటే జాతి అహంకారం" అని రాతి మీద చెక్కడానికి వీల్లేదు. ఏ పార్టీ ఏ కాలంలో ఆ భావాలకు చాప పరుస్తోంది అన్నదే అడగాలి.

సభ్యత్వమే జాతిని బట్టి

మలేసియాకున్న ప్రత్యేకత ఏమిటంటే ఇక్కడ చాలా పార్టీల సభ్యత్వ నిబంధనల్లోనే జాతి ఉంది. అమ్నో మలయ్‌ల పార్టీ, ఎంసీఏ చైనీయులది, ఎంఐసీ భారతీయులది. బెర్సాతు పార్టీలో పూర్తి సభ్యులు భూమిపుత్రులే, మిగతావారు అనుబంధ సభ్యులు. పాస్ ముస్లింల పార్టీ, ఇతరులకు మద్దతుదారుల విభాగం ఉంది. డీఏపీ, పీకేఆర్, సోషలిస్టు పార్టీల తలుపులు కాగితం మీద అందరికీ తెరిచే ఉంటాయి. కానీ డీఏపీ ఓటర్లలో చైనీయులే ఎక్కువ అన్నది దాచేస్తే దాగని నిజం.

కాబట్టి మలేసియాలో పార్టీకీ జాతికీ సంబంధం ఉందా అంటే ఉంది, బోలెడంత ఉంది. కానీ జాతి వేరు, జాతి వివక్ష వేరు. ఎంఐసీలో చేరిన తోట కూలీ మలయ్‌లను ద్వేషించి చేరలేదు. బడికి డబ్బు కావాలన్నా, గుడికి స్థలం కావాలన్నా, పిల్లాడికి స్కాలర్‌షిప్ కావాలన్నా వెళ్లి తట్టవలసిన తలుపు అదొక్కటే కాబట్టి చేరాడు. అమ్నోలో ఉన్న పల్లెటూరి మలయ్ రైతుకూ అంతే. సాయం జాతి పార్టీ చేతుల మీదుగా వచ్చేటప్పుడు పార్టీ అభిమానం కడుపు అవసరం నుంచి పుడుతుంది. అవతలివాడి మీద అనుమానం ఆ తర్వాత పార్టీ నేర్పుతుంది. "నీకు వచ్చేది వాడు లాక్కుపోతాడు" అని చెప్పి నిలుపుకోవడం ప్రతి జాతి పార్టీకీ తెలిసిన విద్య.

2013లో జరిగింది చూడండి. బారిసన్ నేషనల్‌కు ఓట్లు 47 శాతమే వచ్చినా సీట్లు 222లో 133 వచ్చాయి. ఆ రాత్రే ప్రధాని నజీబ్ రజాక్ దాన్ని చైనీయుల సునామీగా వర్ణించారు. రెండు రోజులకు అమ్నో చేతిలోని ఉతుసాన్ పత్రిక 'చైనీయులకు ఇంకా ఏం కావాలి' అన్న అర్థంతో మొదటి పేజీ శీర్షిక పెట్టింది. నగరాల్లో మలయ్‌లు కూడా ప్రతిపక్షం వైపు మొగ్గారని, అది పల్లెకూ పట్నానికీ మధ్య తేడా అని ఎందరో విశ్లేషకులు వాదించారు. ఓటరు ధర గురించో అవినీతి గురించో వేసిన ఓటును నాయకుడు జాతి ఓటుగా అనువదించి పెట్టాడు. 2018లో కొత్త ప్రభుత్వం జాతి వివక్ష నిర్మూలనపై ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని ఆమోదిస్తామంటే, మలయ్‌ల ప్రత్యేక హక్కులు పోతాయని అమ్నో, పాస్ కలిసి ఆందోళన లేపాయి. నవంబర్ 23న ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అయినా డిసెంబర్ 8న కౌలాలంపూర్‌లో భారీ సభ జరిగింది. అప్పటిదాకా ఆ ఒప్పందం పేరైనా వినని వాళ్లు ఆ సభకు బస్సుల్లో వచ్చారు.

ఐదు రోజుల్లో మారిన పాట

2022 నవంబర్ 19 రాత్రి సుంగై సిపుట్‌లో కేశవన్‌కు 21,637, విఘ్నేశ్వరన్‌కు 19,791 ఓట్లు వచ్చాయి. 1,846 తేడాతో పకతన్ హరపన్ గెలిచింది, బారిసన్ ఓడింది. దేశం మొత్తం మీద ఎవరికీ మెజారిటీ రాలేదు. ఐదు రోజుల తర్వాత, నవంబర్ 24న, అన్వర్ ఇబ్రహీం ప్రధాని అయ్యారు. ఎవరి మద్దతుతో? అదే బారిసన్ మద్దతుతో. ఏడాదిన్నర ముందు 'అన్వర్ వద్దు, డీఏపీ వద్దు' అని మహాసభలో నినాదం చేసిన అమ్నో, అన్వర్ పక్కనే, డీఏపీ మంత్రుల పక్కనే కూర్చుంది.

డీఏపీ అంటే ఇస్లాం విరోధి అని అరవై ఏళ్లు విన్న అమ్నో కార్యకర్తకూ, అమ్నో అంటే జాతి దురహంకారం అని విన్న డీఏపీ కార్యకర్తకూ అప్పుడు వచ్చిన పరీక్ష చిన్నది కాదు. 2024 మే 11న సెలంగూర్‌లోని కౌలా కుబు బహరు ఉప ఎన్నికలో డీఏపీ తరఫున చైనా యువతి పాంగ్ సోక్ తావ్ నిలబడింది. అమ్నో నాయకులు ఆమెకు ఓటెయ్యమన్నారు. భారతీయులు ఓటింగ్ బహిష్కరించాలనో, వ్యతిరేకంగా వెయ్యాలనో పిలుపులు కూడా వచ్చాయి. ఆమె 3,869 ఓట్ల మెజారిటీతో గెలిచింది. 2025 ఏప్రిల్‌లో పెరాక్‌లోని ఆయర్ కూనింగ్‌లో అమ్నో అభ్యర్థి కోసం డీఏపీ ప్రచారం చేసింది. ఆయనా గెలిచారు. అందరూ మాట విన్నారని కాదు. పెరికతన్‌కు వెళ్లిపోయిన మలయ్ ఓట్లూ ఉన్నాయి, ఇంట్లో కూర్చున్న వాళ్లూ ఉన్నారు. కానీ ద్వేషమే పార్టీ అభిమానానికి పునాది అయ్యుంటే ఈ కాపురం ఒక్క ఉప ఎన్నికకు కూడా నిలబడేది కాదు.

ఎవరు ఎవరికి వేశారో ఎలా తెలుసు?

ఇక్కడ అంకెల గురించి ఒక హెచ్చరిక. ఓటు రహస్యం. మరి 'భారతీయులు ఇటు వేశారు, మలయ్‌లు అటు వేశారు' అని పత్రికలు ఎలా రాస్తాయి? మలేసియాలో ఓట్లు పోలింగ్ కేంద్రంలోని 'సలురాన్' వారీగా, అంటే వరుసల వారీగా, లెక్కిస్తారు. ఒక్కో వరుసలో దాదాపు ఒకే వయసు వాళ్లుంటారు, ముసలివాళ్లు మొదటి వరుసలో, కుర్రాళ్లు చివరి వరుసలో. ఓటర్ల జాబితాలోని పేర్లను బట్టి జాతి పోల్చుకుంటారు. మలయ్‌లు ఎక్కువున్న వరుసలో ఏ పార్టీకి ఎన్ని పడ్డాయో చూసి అంచనా కడతారు. పద్ధతి మంచిదే, వయసు తేడాలు తెలుస్తాయి. కానీ అది గుంపు గురించిన అంచనా, మనిషి గురించి కాదు. గుంపు లెక్కను మనిషికి అంటగడితే తలకిందులు కావచ్చని 1950లోనే డబ్ల్యు.ఎస్.రాబిన్సన్ అనే అమెరికన్ పండితుడు లెక్కలతో చూపించాడు. ఇక సర్వేల్లో నేరుగా అడుగుదామంటే, "నాకు ఫలానా జాతి పడదు" అని కొత్త మనిషి ముందు ఒప్పుకునేవాళ్లు తక్కువ. ఓటును చూసి గుంపు మొగ్గు చెప్పవచ్చు, గుండెలోది చెప్పలేం.

గుండెలోది ఎక్కడ బయటపడుతుందంటే ఇల్లు అద్దెకు అడిగినప్పుడు. కౌలాలంపూర్ చుట్టుపక్కల క్లాంగ్ లోయలో నగర స్థానాలన్నీ దాదాపుగా అన్ని జాతులనూ కలుపుకునే పకతన్ కూటమివే. అదే చోట అద్దె ప్రకటనల్లో 'చైనీయులకు మాత్రమే', 'భారతీయులు వద్దు' అన్న మాటలు ఏళ్ల తరబడి పత్రికల కెక్కాయి. హైదరాబాదులో "మీరేమిట్లు?" అని అడిగే ఇంటి యజమానికి ఇది తమ్ముడి వరస. ఓటు వేసేటప్పుడు బహుళజాతి కూటమి, తాళంచెవి ఇచ్చేటప్పుడు సొంత జాతి. ఏ పార్టీ ఓటరన్న భేదం లేకుండా చాలామందిలో ఉన్న జబ్బు ఇది.

మన సంగతేమిటి?

ఇందులో తెలుగువారికి ఏం పని అనుకోవద్దు. మలేసియాలో భారతీయులను తిట్టడానికి వాడే 'కెలింగ్' అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? కళింగ నుంచి. మన ఉత్తరాంధ్ర తీరం కూడా భాగమైన ఆ కళింగ. ఒకప్పుడది గౌరవంగానే వాడారు, పినాంగ్‌లోని కపితాన్ కెలింగ్ మసీదు, మలక్కాలోని తంజుంగ్ కెలింగ్ ఊరు సాక్ష్యం. తర్వాత తిట్టయింది. గోదావరి, విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి ఓడలెక్కి వచ్చి బాగన్ దాతో కొబ్బరి తోటల్లో, రబ్బరు తోటల్లో చెమటోడ్చిన మన పెద్దలు ఆ తిట్టు తిన్నవాళ్లే.

అయితే తిట్టు తిన్నవాళ్లకు తిట్టడం రాదని లేదు. మన ఇళ్లల్లో మలయ్‌ల బద్ధకం గురించి, చైనావాళ్ల పీనాసితనం గురించి, బంగ్లాదేశ్ కూలీల గురించి పిల్లల ముందే అనే మాటలు లెక్క పెట్టుకుంటే సిగ్గేస్తుంది. ఆ మాటలనే మనవాళ్లలో ఎంఐసీ వాళ్లూ ఉన్నారు, పీకేఆర్ వాళ్లూ ఉన్నారు, హిండ్రాఫ్ ఊరేగింపులో నడిచిన వాళ్లూ ఉన్నారు. ఎంఐసీలో తమిళులదే పెత్తనం అని మనం గొణుక్కుంటాం. మన సంఘాల్లో కులాన్ని బట్టి కుర్చీలు వేసే సంగతి మాత్రం ఎత్తం.

మైనారిటీలో మైనారిటీ అయిన మనకు ఈ ప్రశ్న కాలక్షేపం కబురు కాదు. ఏ నియోజకవర్గంలోనూ సొంత బలంతో గెలిచే సంఖ్య మనకు లేదు. మన బడి, మన భాష, మన పిల్లల చదువు ఏది దక్కాలన్నా ఇతరుల ఓట్లతో గెలిచిన మనిషి దగ్గరికే వెళ్లాలి. అలాంటప్పుడు సగం మంది ఓటర్లను 'జాతి పిచ్చివాళ్లు' అని ఒక గాట కట్టేస్తే, మాట్లాడడానికి మనకు మిగిలేదెవరు? ఈసారి ఆ పార్టీకి వేసినవాడే వచ్చేసారి మన అభ్యర్థికి వెయ్యవచ్చు. సుంగై సిపుట్‌లో పదే పదే జరిగింది అదే.

కాబట్టి అడగవలసినవి వేరే ప్రశ్నలని మాకు తోస్తోంది. ఈ పార్టీ తన ఓటర్లను వేరే జాతి మనిషికి ఓటెయ్యమని అడుగుతోందా, లేక వేరే జాతిని చూసి భయపడమంటోందా? భారతీయుణ్ణి ఇండియన్ సీటులోనే నిలబెడుతోందా, లేక మామూలు సీటులో కూడా నిలబెట్టే ధైర్యం ఉందా? గెలిచిన మనిషి తన జాతి వాళ్ల అర్జీలే తీసుకుంటున్నాడా, అందరివీనా? ఓడిపోయిన రాత్రి నాయకుడు తప్పు తనది అంటున్నాడా, ఏదో ఒక జాతి మీదికి తోసేస్తున్నాడా? ఈ నాలుగూ ఏ పార్టీనైనా అడగవచ్చు, మనం ఓటేసే పార్టీని ముందుగా అడగాలి.

వివక్ష ఉన్న ఓటరు అన్ని పార్టీల్లోనూ ఉన్నాడు. అతని చేత వేరే జాతివాడికి ఓటు వేయించిన నాయకులు 1955 నుంచీ ఉన్నారు, వేయించకుండా రెచ్చగొట్టిన నాయకులూ ఉన్నారు. బాధ్యత ఎక్కువ ఎవరిదో దీన్ని బట్టే తెలుస్తుంది. ఇక బ్యాలెట్ పెట్టెకు బయట, అద్దె ఇంటి దగ్గర, ఆఫీసులో, పెళ్లి మాటల్లో వివక్షను తగ్గించే పని ఏ పార్టీ గుర్తూ చేసి పెట్టదు. అది మనం మన ఇంట్లో మొదలుపెట్టుకోవలసిందే.